మంచం పక్కన సంగీతం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమ్మకు కేన్సర్ బాగా ముదిరింది. ఇప్పుడు వ్యాధిని నయం చేయడం కాక బాధను తగ్గించే పాలియేటివ్ కేర్‌లో ఉంది. వారానికోసారి ఒక కళాకారిణి వచ్చి మంచం దగ్గర కూర్చుని పాడతానంటున్నారు. దానివల్ల నొప్పి నిజంగా తగ్గుతుందా? ఫోన్‌లో పాటలు పెడితే సరిపోదా?

జవాబు: కణితి మీద సంగీతం ఏ ప్రభావమూ చూపదు. దాన్ని నమ్ముకుని నొప్పి మందు తగ్గించకూడదు, ఆలస్యం చేయకూడదు. అయితే మనిషి పడే బాధలో శరీరం నుంచి వచ్చేది ఒక భాగమే. భయం, నిద్రలేమి, ఒంటరితనం తోడై దాన్ని పెంచుతాయి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే, చివరి దశ రోగులను చూసుకునే హాస్పిస్‌ను ప్రారంభించిన వైద్యురాలు సిసిలీ సాండర్స్ ఈ మొత్తాన్నీ కలిపి ‘సంపూర్ణ వేదన’గా చూడమన్నారు. సంగీతం సాయపడేది ఆ తోడైన వాటి విషయంలో. కేన్సర్ రోగుల మీద జరిగిన ప్రయోగాలను 2021లో వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పెద్దవాళ్లలో ఆందోళన, నొప్పి, అలసట తగ్గవచ్చని తేల్చింది. ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అందులోనే రాశారు.

ఫోన్‌లోని పాట తన వేగాన తాను పోతుంది. అమ్మ ఆయాసపడుతున్నా, నిద్రలోకి జారుతున్నా దానికి తెలియదు. ఎదురుగా ఉన్న మనిషికి తెలుస్తుంది. ఆ మనిషికి ఉన్న విలువంతా అక్కడే ఉంది. రోగి ఊపిరిని గమనించకుండా కళ్లు మూసుకుని పాడేవారైతే ఫోనే నయం. కళాకారిణి రాని రోజుల్లో అమ్మకు ఇష్టమైనవి పెట్టండి. మాట్లాడుకునే గొంతుకంటే శబ్దం ఎక్కువ కాకూడదు, మధ్యలో ప్రకటనలు రాకూడదు. అరగంట దాటకుండా ఆపేయండి. మగతగా ఉన్నవారికి హెడ్‌ఫోన్లు వద్దు. ఇబ్బందిగా ఉన్నా వాళ్లు తీసుకోలేరు.

ప్రశ్న: గిటార్ వాయిస్తూ పాడతాను. పాలియేటివ్ వార్డులో స్వచ్ఛందంగా చేద్దామనుకుంటున్నాను. నెమ్మదైన పాటలు పాతిక సిద్ధం చేసుకున్నాను. ఇంకేం తెలుసుకోవాలి?

జవాబు: ముందు నర్సును కలవండి. ఎవరు మెలకువగా ఉన్నారు, ఎవరికి డ్రెస్సింగ్ మార్చబోతున్నారు, ఎవరికి కేన్సర్ మెదడుకు పాకింది, ఎవరికి మతిభ్రమ మొదలైంది అని అడగండి. మతిభ్రమతో కలవరపడుతున్నవారికి ప్రతి శబ్దమూ భారమే. ఆరోజుకు ఆ గది వదిలేయండి. నోటి ద్వారా ఇచ్చే, త్వరగా పనిచేసే మార్ఫిన్ ప్రభావం చూపడానికి సుమారు అరగంట పడుతుంది. మందు వేసిన వెంటనే కాకుండా అది పట్టుకున్నాక వెళ్లడం మంచిది.

శ్రుతి చేసుకోవడం తలుపు బయటే ముగించండి. కొత్త తీగలు ఊరికే శ్రుతి జారుతుంటాయి కాబట్టి మార్చాలనుకుంటే రెండు మూడు రోజుల ముందే మార్చండి. లోపలికి వెళ్లాక రోగినే అడగండి, ఇంట్లోవాళ్లను కాదు: “ఇప్పుడు కాసేపు వాయించనా, వద్దా?” మందులకూ సూదులకూ వద్దనే వీలు పెద్దగా లేని మనిషి సంగీతాన్ని వద్దనగలగాలి. వద్దంటే నవ్వుతూ బయటికి వచ్చేయండి, బతిమాలకండి.

నిలబడకండి. కుర్చీలో, రోగి కళ్లకు ఎదురుగా కాస్త పక్కకు, ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో కూర్చోండి. తల వెనక ఎప్పుడూ వద్దు. సెలైన్ స్టాండ్ ఉన్న వైపు నర్సుకు వదిలేయండి. ఆక్సిజన్ యంత్రం నడుస్తుంటే దాని హోరుకు ఒక స్థాయి ఉంటుంది. మీ ఆధార శ్రుతి దానికి పొసగకపోతే గదంతా అపస్వరమే. ముందు దాన్ని విని, కేపో (తీగలను నొక్కి శ్రుతి పెంచే బిగింపు) జరిపి దగ్గరి శ్రుతిలోకి రండి.

ఇక పాతిక నెమ్మదైన పాటల సంగతి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆయాసంతోనో ఆందోళనతోనో ఉన్న మనిషి ముందు మొదటి నుంచే నిదానంగా వాయిస్తే ఆ సంగీతం ఒక దారి, ఆ ఊపిరి ఒక దారి అవుతాయి. చిరాకు పెరుగుతుంది. ముందు ఆ వేగంలోకి మీరు వెళ్లాలి, తర్వాత మెల్లగా దించాలి. సంగీత చికిత్సలో దీన్ని ‘ఐసో సూత్రం’ అంటారు. 1940లలో ఐరా ఆల్ట్‌షులర్ అనే మానసిక వైద్యుడు దీన్ని వివరించారు.

ఇలా చేయండి. ఛాతీ లేచి పడటాన్ని అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. లెక్కపెడుతున్నట్టు తెలిస్తే ఊపిరి మారిపోతుంది కాబట్టి తీగలు సవరించుకుంటున్నట్టు ఉండండి. నిమిషానికి 24 వచ్చిందనుకుందాం. ఒక్కో ఊపిరికి రెండున్నర సెకన్లు. ఊపిరికి నాలుగు తాళం దెబ్బలు వేస్తే నిమిషానికి 96 దెబ్బల వేగం. అక్కడ మొదలుపెట్టి రెండు నిమిషాలు నిలకడగా ఉండండి. తర్వాత 90, ఆపైన 84. ఊపిరి మీ వెంట రాకపోతే మళ్లీ వెనక్కి వెళ్లండి, లాగకండి. 60, 70 మధ్యకు చేరితే చాలు. చేరకపోయినా ఫర్వాలేదు, ఊపిరితిత్తుల్లో నీరున్న మనిషి ఆయాసాన్ని పాట తీసేయలేదు.

ప్లెక్ట్రమ్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వదిలి వేళ్లతో మీటండి. సిస్‌ప్లాటిన్ అనే కేన్సర్ మందు తీసుకున్నవారిలో కొందరికి పై స్థాయి శబ్దాలు సరిగా వినపడవు, చెవుల్లో హోరు ఉంటుంది. కొంచెం గట్టిగా మీటినా కర్కశంగా తగులుతుంది. గొంతును మధ్య, మంద్ర స్థాయిల్లో ఉంచండి. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ముందూ తర్వాతా బాధ ఎంతుందో 0 నుంచి 10లో చెప్పమని నర్సు అడిగి రాసుకుంటే వచ్చేవారం ఏం మార్చాలో తెలుస్తుంది.

ప్రశ్న: వార్డు నర్సును. వాద్యాలతో ఇన్ఫెక్షన్ భయం లేదా?

జవాబు: ఉంది. తెల్లరక్తకణాలు పడిపోయినవారి గదిలోకి ఊదే వాద్యాలు వద్దు, జలుబు దగ్గు ఉన్న కళాకారులూ వద్దు. ప్రతి గదికీ ముందూ వెనకా చేతులు శుభ్రం చేసుకోవాలి. శానిటైజర్ పూర్తిగా ఆరాకే వాద్యం ముట్టుకోమనండి. ఆల్కహాల్ వార్నిష్‌ను కరిగిస్తుంది కాబట్టి వయొలిన్‌ను దానితో తుడవమని పట్టుబట్టకండి. రోగి చేతికిచ్చే వాద్యం మాత్రం తుడవగలిగిన నున్నటి ప్లాస్టిక్‌దో లోహానిదో అయి ఉండాలి. తోలు, గుడ్డ, ఈకలు ఉన్నవి ఒక రోగి నుంచి మరొకరికి మారకూడదు.

ప్రశ్న: ఒక పాట వినగానే నాన్నగారు ఏడ్చేశారు. ఆపించాలా?

జవాబు: కన్నీళ్లు చూసి ఆపక్కర్లేదు. ఆయన ముఖం చూడండి. నుదురు ముడిపడటం, పిడికిలి బిగించడం, ముఖం అటు తిప్పుకోవడం, ఊపిరి వేగం పెరగడం కనిపిస్తే చాలించమనండి. అప్పుడు కూడా గభాలున తెగ్గొట్టకుండా ఆధార స్వరానికి వచ్చి పలచబడాలి. అవేవీ లేకుండా ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చోండి. వచ్చేసారి ముందే ఏ పాటలు కావాలో అడిగి, ఏవి వద్దో కూడా అడగండి. ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. ఎవరి మరణంతోనో ముడిపడిన పాట ఒకటి చాలామందికి ఉంటుంది.

ప్రశ్న: అక్కకు మూడు రోజులుగా స్పృహ లేదు. పాడితే వినపడుతుందా?

జవాబు: మరణానికి దగ్గరపడి, స్పందన లేని కొందరు హాస్పిస్ రోగుల మెదడు శబ్దంలోని మార్పులకు ప్రతిస్పందించిందని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో చూపారు. అర్థమవుతోందా అన్నది దాన్నిబట్టి చెప్పలేం. వినపడుతోందనుకునే పాడండి, వినపడుతోందనుకునే మాట్లాడండి.

ఈ దశలో పద్ధతి మారుతుంది. ఊపిరి పెరిగి, తగ్గి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతుంది. దాన్ని అనుసరించి వాయించకూడదు. ఆగినప్పుడల్లా సంగీతమూ ఆగితే చుట్టూ ఉన్నవాళ్ల గుండె జారిపోతుంది. తాళం వద్దు. ఆధార శ్రుతి మీద సన్నటి ఆలాపన, లేదా నోరు మూసుకుని చేసే కూనిరాగం చాలు. ఐదు పది నిమిషాలు పాడి, ఆపైన మళ్లీ అంతసేపు నిశ్శబ్దంగా ఉండనివ్వండి. అక్కకు బాగా ఇష్టమైన పాట ఇప్పుడు పాడాలా అన్నది మాత్రం ఇంట్లోవాళ్లు మాట్లాడుకుని తేల్చుకోండి. ఆ గంటలో విన్న పాటను తర్వాత ఏళ్ల తరబడి వినలేకపోయేవాళ్లు ఉన్నారు, అదే పాటను పట్టుకుని నిలదొక్కుకునేవాళ్లూ ఉన్నారు. పాడుతుండగానే ప్రాణం పోతే ఉలిక్కిపడి ఆపవద్దు. పాడుతున్న పంక్తి ముగించి, నర్సును పిలవండి.

ప్రశ్న: సంగీతం జరుగుతుండగా ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా?

జవాబు: రోగి తెలివిగా ఉన్నప్పుడు అడిగి, ఒప్పుకుంటేనే. పక్క మంచాలవారి గొంతులు, ముఖాలు అందులో పడకూడదు. వాళ్ల అమ్మగొంతు దాచుకోవాలనుకునే పిల్లలకు ఒక సలహా: ఆవిడ ఓపికగా ఉన్న తొలి వారాల్లోనే కళాకారుడితో కలిసి రెండు పంక్తులు పాడించి రికార్డు చేయండి. ఫోన్‌ను దిండు మీద కాక, నోటికి జానెడు దూరంలో చేత్తో పట్టుకోండి. లేకపోతే ఆక్సిజన్ హోరే ఎక్కువ వినిపిస్తుంది.