ఊదా మూత ట్యూబులు

శ్రావణీ,

నీ పీహెచ్‌డీ పాము విషం మీదని మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. "అచ్చం నీలాగే తయారైంది అక్కా" అంది. పైకి కసిరానే గానీ లోపల గర్వంగానే ఉంది.

విషం తమిళనాడు పాములు పట్టే ఇరుళుల తెగ సహకార సంఘం లాంటి చోటు నుంచే, అనుమతి కాగితాలతో తెప్పించుకో. గ్లోవ్స్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఎండిన విషం పొడిని మాత్రం ఫ్యాన్ కింద తూచకు. నాతో పనిచేసిన ఒకావిడకు అది పీల్చి పీల్చి అలర్జీ వచ్చింది. చివరికి సీసా మూత తీస్తే చాలు, ఆయాసం. నాకు పాము కాటు కన్నా ఆ పొడంటేనే భయం.

ఇక నా ఘనకార్యం విను. 2001లో చిన్న పింజరి విషాన్ని విడగొట్టి ఒక్కో భాగాన్నీ రక్తం గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్ల మీద పరీక్షిస్తున్నాను. ప్లేట్‌లెట్ల మీదుండే ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్, రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటేనే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ విషంలోని ఎకిస్టాటిన్, 49 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్, తన మెలిక కొసనున్న ఆర్‌జీడీ అనే మూడక్షరాలతో (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం) ఆ చోట ముందే కూర్చుంటుంది. ఆ రోజు తొమ్మిది భాగాలు వేస్తే తొమ్మిదీ అతుకు ఆపేశాయి! ల్యాబంతా లడ్డూలు పంచాను. విషం లేకుండా ఉత్త బఫర్ ద్రావణంతో చేసే కంట్రోల్ పరీక్ష పెట్టలేదు, నిన్నటిది బాగానే వచ్చింది కదా అని.

రాత్రి సర్దుతూ చూస్తే ట్యూబులన్నిటికీ ఊదా మూతలు. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ వేసిన నీలం మూత ట్యూబులు అయిపోయి, ఈడీటీఏ అనే వేరే రసాయనం వేసిన వాటిలో రక్తం తీశారు. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. ఆర్‌జీడీలోని డీ పట్టుకునేది ఇంటెగ్రిన్‌లోని లోహ అయాన్‌నే. అది పోతే ఉత్త బఫర్ వేసినా అతుకు ఆగిపోతుంది. మీ పెదనాన్న ఇప్పటికీ లడ్డూ చూస్తే నావైపు చూసి నవ్వుతారు.

అన్నీ ఆగితే సంబరపడకు, ఏది ఆగలేదో చూడు. ఎకిస్టాటిన్ రక్తనాళాల గోడ కణాల ఇంటెగ్రిన్‌నూ వదలదు. అమెరికా పిగ్మీ రాటిల్‌స్నేక్ విషంలోని బార్బూరిన్‌లో ఆర్ బదులు కే ఉంది. ఆ ఒక్క అక్షరంతో అది ప్లేట్‌లెట్ల ఇంటెగ్రిన్‌నే ఎంచుకుంటుంది. దాన్ని చూసే ఎప్టిఫిబటైడ్ అనే మందు తయారుచేశారు, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. తాతయ్యకు స్టెంట్ వేసిన రాత్రి డ్రిప్‌లో ఎక్కించింది అదే. నువ్వు బయట బెంచీ మీద నా ఒళ్లో నిద్రపోయావు.

రక్తం ఇచ్చేవాళ్లు ఈ పది రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్నారేమో అడుగు. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టకు. మాస్క్ పెట్టుకున్న ఫోటో ఒకటి మీ అమ్మకు పంపు, నిద్రపోతుంది.

పెద్దమ్మ