శుభలేఖ మనమే చేసుకుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా చిన్నమ్మాయి పెళ్లి చెన్నైలోనే చేస్తున్నాము. బంధువులలో చాలామంది నెల్లూరు, చిత్తూరు వైపు ఉన్నారు. మాకు కావలసినవి 160 శుభలేఖలు మాత్రమే కాగా, కార్డుల దుకాణంలో 500కు తక్కువైతే వేయలేమన్నారు. ఇంట్లో ప్రింటరు ఉంది. తపాలా ఖర్చుతో కలిపి కార్డుకు 30 రూపాయలు దాటకుండా మేమే చేసుకోగలమా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: చేసుకోగలరు. అయితే అచ్చు కూడా ఇంట్లోనే వేయాలన్న పట్టుదల మాత్రం వద్దు. కార్డుల దుకాణంవారు ఆఫ్‌సెట్ (ముందు ప్లేట్లు చేసి, వాటితో అచ్చు వేసే పద్ధతి) లెక్కలో చెప్పి ఉంటారు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వంద కార్డులకైనా వెయ్యి కార్డులకైనా ఒకటే కనుక, తక్కువ సంఖ్యకు వారు ఒప్పుకోరు. డిజిటల్ ప్రింటింగ్‌కు ప్లేట్లు ఉండవు, ఎన్ని షీట్లు వేయిస్తే అన్నింటికే డబ్బు తీసుకుంటారు. 160కి అదే సరైన దారి.

ఇంటి ప్రింటరు వద్దనడానికి కారణం పసుపు. ఇంకు పోసి వాడే ప్రింటర్లలో చాలావాటి రంగు ఇంకులకు తడి తగిలితే చెదిరిపోతాయి. మా తమ్ముడి పెళ్లికి నేను ఇంట్లోనే అచ్చు తీసి, రాత్రి కూర్చుని నాలుగు మూలలా తడి పసుపు పెట్టి, ఆరకముందే కార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చి పడుకున్నాను. తెల్లవారేసరికి వధువు ఇంటిపేరు పక్క కార్డు వీపుకు అంటుకుని ఉంది. దుకాణంలో డిజిటల్‌గా వేసే లేజరు అచ్చు నీటికి చెదరదు. పైన లామినేషన్ మాత్రం చేయించకండి, నున్నటి పూత మీద పసుపు నిలవక పొలుసుగా రాలిపోతుంది. ముందుగా ఒక బోర్డు ముక్క మీద పసుపు బొట్టు పెట్టి, ఆరిన తరువాత వేలితో రుద్ది చూసి, అప్పుడే కాగితం కొనండి.

కాగితానికి, కవర్లకు ప్యారిస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధికి వెళ్లండి. హైకోర్టు మెట్రో స్టేషనులో దిగితే నడిచిపోయేంత దూరమే. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. మీగడ రంగు బోర్డు, 250 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత), 12×18 అంగుళాల షీట్లు అడగండి. ఒక్కో షీటులో నాలుగు ఏ5 (ఏ4లో సగం) కార్డులు వస్తాయి కనుక మీకు 40 షీట్లు సరిపోతాయి, తప్పుల కోసం మరో ఐదు తీసుకోండి. ఏ5 కార్డును మధ్యకు మడిచి, లోపలి ఎడమ పుటలో తెలుగు, కుడి పుటలో ఇంగ్లీషు పెట్టి, కేవలం నలుపులో వేయించండి. అప్పుడు అచ్చు ఒకవైపే పడుతుంది. ముఖపుట కోసం వినాయకుడి బొమ్మతో ఒక రబ్బరు స్టాంపు చేయించుకుని, ఎర్ర సిరాతో మీ పిల్లలే అద్దవచ్చు. కొన్ని కాస్త వంకరగా పడినా ఫరవాలేదు, నా కంటికి అదే అందం. బంగారు అక్షరాల మీద మనసు పోతే మాత్రం స్క్రీన్ ప్రింటింగ్‌కు వెళ్లవలసి వస్తుంది, అప్పుడు మీ 30 రూపాయల లెక్క నిలవదు.

మడతకు ముందు స్టీలు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత గీస్తే బోర్డు పగలకుండా వంగుతుంది. దుకాణంలో దీనినే క్రీజింగ్ అంటారు. కటింగు మాత్రం అక్కడే చేయించుకోండి, కత్తెరతో 160 కార్డులు తిన్నగా కోయడం ఎవరివల్లా కాదు.

ఇక బరువు సంగతి. సాధారణ ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయల స్టాంపు చాలు. పైన చెప్పిన కార్డు 8 గ్రాములకు లోపే ఉంటుంది, చిన్న కవరుతో కలిపినా 12 గ్రాముల దగ్గర ఆగుతుంది. అదే 300 జీఎస్‌ఎం ఏ4 బోర్డును మడిచి పెద్ద కవరులో పెడితే, కార్డే 19 గ్రాములకు దగ్గరగా ఉంటుంది కనుక, కవరుతో 20 దాటి స్టాంపు ఖర్చు రెట్టింపవుతుంది. కార్డులను మనుషుల లెక్కన కాక ఇళ్ల లెక్కన పంచండి. తిరుమల శ్రీవారికి పంపే తొలి శుభలేఖను, పురోహితుడికి ఇచ్చేదానిని కూడా ఆ 160లోనే లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ముహూర్తం రాత్రి 2.40కి. పురోహితుడు ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం’ అని రాసి ఇచ్చారు. ఇంగ్లీషు వైపు ఏ తేదీ వేయాలి?
– ఒక పాఠకుడు, కొళత్తూరు

జవాబు: పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. తెలుగు వైపు పురోహితుడు రాసినది అక్షరం మార్చకుండా వేయండి. ఇంగ్లీషు వైపు గురువారం తేదీ వేసి, ‘బుధవారం రాత్రి గడిచాక వేకువన 2.40’ అన్న అర్థం వచ్చేలా రాయండి. మీ ఇరుగుపొరుగు తమిళులు ఉదయపు ముహూర్తాలకు అలవాటుపడినవారు. ఒట్టి గురువారం అని చూస్తే పొద్దున తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చేసరికి మీరు మండపం ఖాళీ చేస్తూ ఉంటారు. అందుకని బుధవారం రాత్రి విందు ఎన్ని గంటలకో ముహూర్తానికి పై వరుసలో, కాస్త పెద్ద అక్షరాలలో వేయించండి. తెలుగు మాసం పేరును తమిళ మాసంలోకి మార్చే ప్రయత్నం చేయవద్దు. మనది చాంద్రమానం, వారిది సౌరమానం, రెండు మాసాలు సాధారణంగా ఒకేరోజున మొదలు కావు.

ప్రశ్న: ఫోనులో టైపు చేసి పంపిన తెలుగు, డీటీపీ దుకాణంలో తెరిస్తే వత్తులు విడిపోయి కనిపించింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: మీరు టైపు చేసినది యూనికోడ్ (ఫోన్లు, కొత్త కంప్యూటర్లు వాడే అక్షర పద్ధతి) తెలుగు. పాత పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేర్లకు అది తెలియదు. అక్కడ ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలో మళ్లీ టైపు చేస్తారు, తప్పులు దొర్లేది ఆ టైపింగులోనే. దానికి బదులు రామభద్ర, సూరన్న, మండలి వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో మీరే కూర్చి, పీడీఎఫ్‌గా ఇవ్వండి. అక్షరాలు మీరు చూసినట్టే పడతాయి. చెన్నైలో ఆపరేటరుకు తెలుగు రాకపోవచ్చు కనుక ప్రూఫు చూసే బాధ్యత పూర్తిగా మీదే. ‘జానక్యాః’ శ్లోకంలో విసర్గలు, ఇంటిపేర్లలో దీర్ఘాలు, మండపం వీధి పేరు, ఫోను నంబరు – ఈ నాలుగింటినీ ఒకరు పైకి చదువుతుంటే మరొకరు కాగితం మీద వేలు పెట్టి చూడాలి. వియ్యాలవారి పేర్ల వరుస సరిచూడడానికి మాత్రం ప్రూఫును వారికే పంపి, వారు సరేనన్న తరువాతే అచ్చుకు ఇవ్వండి.