ఎత్తైన భవనం చుట్టూ గాలి లెక్క: కంప్యూటర్‌ను ఎంత నమ్మొచ్చు?

ఏం తెలుసుకోవాలనుకుంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. టవర్ మూలల దగ్గర, పక్కల్లో గాలి జోరుగా వీచే చోట సాధారణ సిమ్యులేషన్ (గాలి కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టడం) కూడా బాగానే చెబుతుంది. అసలు చిక్కంతా భవనం వెనకాలే.

జపాన్ పరిశోధకులు వెడల్పుకి రెట్టింపు ఎత్తున్న ఒక దిమ్మెను, భవనం నమూనాగా, విండ్ టన్నెల్‌లో (గాలిని వీచించి పరీక్షించే సొరంగంలో) పెట్టి కొలిచారు. దాని వెనక గాలి తిరగబడే సుడి, దిమ్మె వెడల్పుకి 1.4 రెట్ల దూరం వరకే ఉంది. అందరూ వాడే కె-ఎప్సిలాన్ అనే సిమ్యులేషన్ పద్ధతి మాత్రం 2.7 రెట్లని చెప్పింది, అంటే దాదాపు రెట్టింపు! కారణం ఏంటంటే, భవనం వెనక సుడులు ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి ఊడిపోతుంటాయి. ఈ పద్ధతి ఆ ఊగులాటను పట్టుకోదు, సగటు మాత్రమే లెక్కిస్తుంది. పెద్ద సుడులను క్షణక్షణం లెక్కించే ఎల్‌ఈఎస్ పద్ధతి నిజానికి చాలా దగ్గరగా వస్తుంది. కాకపోతే కంప్యూటర్ సమయం ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా లోపలికి వచ్చే గాలిలో సహజంగా ఉండే అలజడిని ఇవ్వకపోతే అదీ తప్పుతుంది.

సిమ్యులేషన్ ఇచ్చే రంగురంగుల బొమ్మ చూసి మోసపోకండి. గ్రిడ్‌ను, అంటే లెక్క కోసం స్థలాన్ని విడగొట్టిన గళ్ళను, ఇంకా సన్నగా చేసినా ఫలితం మారకుండా ఉందా అని ముందు అడగండి. లెక్కలో భవనం చుట్టూ తీసుకున్న ఖాళీ స్థలం ఇరుకైతే గాలి కృత్రిమంగా వేగం పుంజుకుంటుంది; గాలికి ఎదురుగా చూస్తే ఆ స్థలం అడ్డుకోత వైశాల్యంలో భవనం వాటా 3 శాతం దాటకూడదు.

కింద నడిచేవాళ్ళకి గాలి ఇబ్బంది తేల్చడానికి సిమ్యులేషన్ చాలు. నిర్మాణం మోసే భారం విషయానికొస్తే మాత్రం విండ్ టన్నెల్ పరీక్ష ఉండాల్సిందే. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఆకారాన్ని కూడా ఆ పరీక్షలతోనే దిద్దుకుంటూ వచ్చారు.