ప్రోబ్ విఫలమైతే తీసుకున్నవాటిని విడిచేదెవరు?

ప్రశ్న: లినక్స్‌కు చిన్న ప్లాట్‌ఫామ్ డ్రైవర్ ఒకటి రాస్తున్నాను. పరికరాన్ని సిద్ధం చేసే ప్రోబ్ ఫంక్షన్‌లో ముందు మెమరీ తీసుకుని, క్లాక్‌ను ఆన్ చేసి, చివరికి ఇంటరప్ట్‌ను రిజిస్టర్ చేస్తున్నాను. ఈ చివరి పని విఫలమైతే ఎర్రర్ కోడ్‌ను రిటర్న్ చేసి ఊరుకోవచ్చా? వనరులను విడిచే కోడ్ అంతా డ్రైవర్‌ను తొలగించేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో ఉంది.
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: ఊరుకోకూడదు. ప్రోబ్ విఫలమైన పరికరానికి కెర్నెల్ రిమూవ్‌ను పిలవనే పిలవదు కనుక, మీరు అక్కడ రాసుకున్న కోడ్ ఈ సందర్భంలో నడవదు. మామూలు ప్రోగ్రాం ముగిసినప్పుడు దాని మెమరీని కెర్నెల్ వెనక్కి తీసుకుంటుంది గానీ, కెర్నెల్‌లోనే లీకైన మెమరీ రీబూట్ చేసేదాకా తిరిగి రాదు; పైగా అవసరమైన మరో డ్రైవర్ ఇంకా సిద్ధం కాలేదన్న కారణంతో ప్రోబ్ వాయిదా పడితే, దాన్ని మళ్లీ పిలిచిన ప్రతిసారీ ఇంకొంత లీకవుతుంది.

లినక్స్‌లో దీనికి స్థిరపడిన పద్ధతి గోటూ, అంటే ఫంక్షన్‌లో లేబుల్ (పేరు) పెట్టిన చోటికి నేరుగా దూకడం. తీసుకున్న క్రమానికి సరిగ్గా ఎదురు క్రమంలో ఫంక్షన్ చివర లేబుళ్లు పెట్టుకోవాలి. ఇంటరప్ట్ దొరకకపోతే క్లాక్‌ను ఆపే లేబుల్‌కు, క్లాక్ ఆన్ కాకపోతే మెమరీని విడిచే లేబుల్‌కు వెళ్లాలి. అన్నిటికీ ఒకే లేబుల్ పెడితే, తీసుకోని వనరును విడిచే ప్రమాదం ఉంది. మెమరీని విడిచే కేఫ్రీకి నల్ (ఖాళీ పాయింటర్) ఇచ్చినా ఏమీ కాదు. ఆన్ చేయని క్లాక్‌ను ఆపితే మాత్రం కెర్నెల్ లాగ్‌లో వార్నింగ్ పడుతుంది.

విఫలమైన ఫంక్షన్ ఏమీ మిగల్చదని కూడా అనుకోకూడదు. పరికరాన్ని కెర్నెల్‌లో నమోదు చేసే డివైస్ రిజిస్టర్ విఫలమైనా, దాన్ని వాడుతున్నట్టు ఉండే లెక్క (రిఫరెన్స్) మిగిలే ఉంటుంది. అప్పుడు పిలవాల్సింది కేఫ్రీని కాదు, ఆ లెక్కను తగ్గించే పుట్ డివైస్‌ను. పరికరాన్ని నిద్ర లేపే పీఎం రన్‌టైమ్ గెట్ సింక్ విఫలమైనప్పుడు సైతం వాడకపు కౌంట్‌ను పెంచేస్తుంది. ఇటువంటి తప్పులు పైకి చక్కగా కనిపించే కోడ్‌లోనే ఉంటాయి కనుక, మీరు పిలిచే ప్రతి ఫంక్షన్‌కు పైన రాసిన కామెంట్‌ను చదవడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

వనరులను పరికరానికి ముడిపెట్టే, 2007లో 2.6.21 కెర్నెల్‌తో వచ్చిన డెవ్‌ఎం ఫంక్షన్లు వాడితే, ప్రోబ్ విఫలమైనా డ్రైవర్ తొలగినా వనరులు ఎదురు క్రమంలో వాటంతటవే విడుదలవుతాయి. కానీ సగం డెవ్‌ఎం, సగం చేతిపని వద్దు. ఇంటరప్ట్‌ను డెవ్‌ఎంతో తీసుకుని క్లాక్‌ను రిమూవ్‌లో మీరే ఆపితే, డెవ్‌ఎం వనరులు రిమూవ్ ముగిశాకే విడుదలవుతాయి కాబట్టి, ఆ మధ్యలో వచ్చిన ఇంటరప్ట్ హ్యాండ్లర్ క్లాక్ లేని రిజిస్టర్లను తాకుతుంది. కొన్ని చిప్‌లలో సిస్టమ్ అక్కడే హ్యాంగ్ అవుతుంది.

సరిచేశాక కెర్నెల్‌లోని ఫెయిల్‌స్లాబ్ అనే పరీక్షా సదుపాయంతో మెమరీ కేటాయింపులను కావాలనే విఫలం చేయించి, మెమరీ లీకులను పట్టే కేమెమ్‌లీక్ ఏం చెబుతుందో చూడండి. క్లాక్ లెక్క దానికి కనిపించదు. డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే డీబగ్ ఫైల్ సిస్టమ్‌లోని క్లాక్ సమ్మరీలో ఎనేబుల్ కౌంట్ ప్రోబ్‌కు ముందున్న అంకెకే తిరిగి వచ్చిందో లేదో విడిగా సరిచూడాలి.