స్క్వాట్ల తర్వాత లాలాజలంలో ఐజీఏ పెరిగిందా, చిక్కబడిందా?

లాలాజలంలో ఐజీఏ (నోట్లో క్రిములను అడ్డుకునే యాంటీబాడీ) గాఢత వ్యాయామానికి ముందు 150, తర్వాత 220 మైక్రోగ్రాములు/మి.లీ. వచ్చింది కాబట్టి రోగనిరోధక శక్తి పెరిగిందా అని అడిగారు. పెరగలేదండీ, లాలాజలం తగ్గి చిక్కబడింది. 4 నిమిషాల్లో ముందు 2 మి.లీ., తర్వాత 1.2 మి.లీ. వచ్చిందని మీరే రాశారు. గాఢతను నిమిషానికి ఊరిన పరిమాణంతో గుణించండి: 150×0.5=75, 220×0.3=66. అంటే నిమిషానికి విడుదలైన ఐజీఏ కాస్త తగ్గింది. బరువులెత్తేటప్పుడు నోటితో ఊపిరి పీల్చడం, సింపథెటిక్ నాడుల (శరీరాన్ని శ్రమకు సిద్ధం చేసే నాడుల) ప్రేరణ, చెమట వల్ల నోరు ఎండుతుంది. లాలాజలంలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైమ్ అమైలేజ్ సంగతి వేరు. సింపథెటిక్ నాడులే దాన్ని ఎక్కువగా విడుదల చేయిస్తాయి, దానికీ ఇదే లెక్క వేయండి.

నమూనా సేకరణలోనూ పొరపాట్లు జరగొచ్చు. దూది వాడకండి, అది ఐజీఏను పట్టేసుకుంటుంది. ముందే తూచిన ట్యూబులోకి తల వంచి, నమలకుండా, దానంతట అదే కారనివ్వండి. మళ్లీ తూస్తే 1 గ్రాము సుమారు 1 మి.లీ. చివరి గుక్క నీళ్లకూ సేకరణకూ మధ్య 10 నిమిషాలు ఉండాలి. బరువెత్తుతూ పళ్లు బిగబడితే చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు, గులాబీ రంగు కనిపిస్తే ఆ నమూనా పారేయండి. వెంటనే మంచులో పెట్టి, తర్వాత మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించండి.

ఐజీఏ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. అందుకే ఆ మార్పును వ్యాయామం ప్రభావం నుంచి వేరు చేయడానికి విశ్రాంతి రోజున అవే సమయాల్లో రెండు నమూనాలు తప్పక తీయండి.