చదివావా అని అడిగేది అత్తగారు. మరి ఆయన?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను, రెండేళ్ల పాప ఉంది. పెళ్లికి ముందు రోజూ ఇష్టంగా వాక్యం చదువుకునేదాన్ని. ఇప్పుడు మా అత్తయ్య, ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తి చేయాలని చార్టు ఇచ్చారు. రోజూ రాత్రి 'ఎక్కడిదాకా వచ్చావు?' అని అడుగుతారు. నేను లేవీయకాండంలో ఆగిపోయాను. చదవకపోయినా చదివానని చెబుతున్నాను. ఆమె తెరిచి చూస్తారేమోనని బైబిల్లో రిబ్బను నాలుగు పేజీలు ముందుకు జరిపి పెడుతున్నాను. మొన్న స్త్రీల కూడికలో 'మా కోడలి ఆత్మీయ జీవితం కోసం ప్రార్థించండి' అని అందరి ముందూ అనేశారు. మా వారు మంచివారే, ఇవేవీ పట్టించుకోరు. రోజుకు కనీసం ఎన్ని అధ్యాయాలు చదవాలి? ఆఫీసుకు వెళ్తూ ఫోన్‌లో ఆడియో బైబిల్ వింటే చదివినట్టేనా? లేవీయకాండం వదిలేయొచ్చా?

జవాబు: లెక్కల ప్రశ్నలు ముందు తేల్చేద్దాం, వాటికి పెద్దగా సమయం అక్కర్లేదు. రోజుకు ఇన్ని అధ్యాయాలు చదవాలని బైబిల్లో ఎక్కడా లేదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజనే 13వ శతాబ్దంలో వచ్చింది. 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదికి అయిపోతాయి. మీ అత్తగారి చార్టు అలాంటిదే అయి ఉంటుంది. 117వ కీర్తనలో రెండే వచనాలు, 119వ కీర్తనలో 176. చార్టులో మాత్రం రెండింటికీ ఒక్కో టిక్కే! ఇక వినడం అంటారా, నిక్షేపంగా వినండి. అచ్చు పుస్తకాలు రాకముందు విశ్వాసుల్లో చాలామందికి వాక్యం చెవిన పడిందే తప్ప చేతికి అందలేదు. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవాడితో పాటు వినేవాళ్లనూ ధన్యులన్నారు. లేవీయకాండం సంగతి చివర్లో చెబుతాను.

అమ్మా, మీ అత్తగారు ఏమన్నారో, ఏ వేళకు అన్నారో, ఎవరి ముందు అన్నారో అన్నీ రాశారు. మీ ఆయన గురించి ఒక్క ముక్క: 'మంచివారే, పట్టించుకోరు.' నాకు గుచ్చుకున్నది ఆ ముక్కే. ఆయన ఎక్కడిదాకా వచ్చారట? ఆయనకూ చార్టు ఇచ్చారా? ఆయన ఆత్మీయ జీవితం కోసం ఎవరైనా కూడికలో ప్రార్థన చేయించారా? మన ఇళ్లలో భక్తి కోడలి డ్యూటీ అయిపోయింది. కొడుకు ఆదివారం మందిరంలో కనిపిస్తే చాలు, దేవునికి స్తోత్రం. కోడలు మాత్రం వారమంతా హాజరు వేయించుకోవాలి. ఈ పద్ధతి నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

భార్యలు భర్తలకు లోబడాలనే వచనాలు పెళ్లినాడే మన చెవిలో పోస్తారు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో అదే వరుసలో ఏడో వచనం ఉంది, దాని దగ్గరికొచ్చేసరికి చాలామందికి గొంతు తగ్గిపోతుంది. భార్యను సన్మానించి కాపురం చేయండి, 'మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు' అని. పదిమందిలో భార్య తలదించుకుంటే చూస్తూ కూర్చున్నవాడి ప్రార్థన సంగతేమిటో ఆ వచనమే చెబుతోంది. కాబట్టి మీరు మాట్లాడాల్సింది ముందు మీ ఆయనతో. అత్తగారి మీద ఫిర్యాదుగా కాదు. 'కూడికలో నా పేరు ఎత్తవద్దని అమ్మతో మీరే చెప్పండి' అని సూటిగా అడగండి. 'మీ ఇద్దరి మధ్య నన్ను ఇరికించకు' అంటారేమో. ఆ ఇద్దరినీ ఒక ఇంట్లోకి తెచ్చింది ఆయనే కదా.

అత్తగారిని నేను పూర్తిగా తప్పుపట్టను. వాక్యమంటే ప్రేమ లేనివాళ్లు కోడలికి చార్టు గీసి ఇవ్వరు. అయితే రూతు కథ చెప్పి కోడళ్లకు బుద్ధులు నేర్పే అత్తలు, ఆ రూతు అత్తగారు నయోమి మాటలు కూడా చదివితే బాగుండు. మూడో అధ్యాయం మొదట్లో ఆమె కోడలితో ఏమంటుంది? నీకు మేలు కలిగేలా నీ విశ్రాంతి సంగతి నేను చూడాలి కదా అంటుంది. మీ అత్తగారు ఒక అరగంట పాపను ఎత్తుకుంటే, చార్టు అక్కర్లేకుండానే మీరు బైబిల్ తెరుస్తారు.

ఇంత చెప్పాక మీ సంగతికి వస్తాను. ఆ రిబ్బను జరపడం ఆపండి, ఈ రాత్రి నుంచే. భయపడి చేశారు, అర్థమైంది. కానీ దేవుని వాక్యం చేతిలో పట్టుకుని అబద్ధమాడటం అలవాటైతే, రేపు ఆ పుస్తకం చూడగానే మీకు గుర్తొచ్చేది అబద్ధమే. పెళ్లికి ముందున్న ఇష్టం పోవడానికి సగం కారణం అదేనని నా అనుమానం. 'అత్తయ్యా, కొన్నాళ్లుగా చదవలేదు, చదివానని చెప్పాను, తప్పే. ఇకమీద లెక్క చెప్పను. ఏదైనా మనసుకు తగిలితే నేనే వచ్చి చెబుతాను' అనండి. ఆమె నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

రోజూ చదవడం మాత్రం మానొద్దు. ఇందులో నేను మీ అత్తగారి వైపే. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా, దాన్ని ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలన్నారు, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. అక్కడే ఇంకో మాట ఉంది: ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు. చంటిపిల్ల తల్లికి పది వచనాలైనా చాలు. అపొస్తలుల కార్యాల్లో బెరయ అనే ఊరివాళ్లను చూడండి. సాక్షాత్తూ పౌలు వచ్చి బోధిస్తే ఆసక్తిగా విని, అది నిజమో కాదో అని రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. రోజూ చదివేవాళ్లకు ఆ ధైర్యం వస్తుంది. ఇంట్లోవాళ్లు చెప్పినా, వేదిక మీదివాళ్లు చెప్పినా, వాక్యంలో ఉన్నదేదో వాళ్లు కలిపిందేదో తెలుస్తుంది. మీకిప్పుడు కావలసింది అదే.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. పాప నిద్రపోయాక మీ ఆయన చేత పైకి చదివించండి, మీరు వినండి. అలసిపోయానంటే, సరే, ఆ రోజు మీరు చదవండి, ఆయన వింటారు. ఫోన్లు వేరే గదిలో పెట్టండి. మధ్యలో ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చదివి బాకీ తీర్చక్కర్లేదు.

లేవీయకాండం ప్రస్తుతానికి దాటేయండి, కొంపలేం మునగవు. 19వ అధ్యాయం మాత్రం ఒకసారి చదవండి. 16వ వచనంలో కొండెములాడుతూ ఇంటింటికీ తిరగకూడదని ఉంటుంది. చూడగానే అత్తగారికి చూపించాలనిపిస్తుంది. చూపించకండి. దానికంటే ముందు 11వ వచనం ఉంది, ఒకరితో ఒకరు అబద్ధమాడకూడదని. అది మీకు.