జర్నల్ క్లబ్‌కి ముందు మానసకు

చి. మానసకు, పెదనాన్న ఆశీస్సులు.

జర్నల్ క్లబ్‌లో, అంటే పరిశోధన పేపర్లు చదివి చర్చించే మీ క్లాసులో, ఊపిరితిత్తుల మార్పిడి మీద మాట్లాడమన్నారని, టొరంటో సర్జన్ జోయెల్ కూపర్ పేపర్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇదిగో.

అందరూ ముందు తెరిచేది 1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన టొరంటో బృందం పేపరు. నువ్వు దాన్ని కాస్త పక్కన పెట్టి 1963 నుంచి రా. ఆ ఏడాది అమెరికాలోని మిసిసిపీలో సర్జన్ జేమ్స్ హార్డీ మొదటిసారి మనిషికి ఊపిరితిత్తి మార్చాడు. రోగి 18 రోజులు బతికాడు. తర్వాత ఇరవై ఏళ్లలో నలభై దాకా ప్రయత్నాలు జరిగాయి, ఒక్కరూ ఏడాది దాటలేదు. 1978లో కూపర్ బృందం చేసిన ఆపరేషనూ అంతే. మూడో వారంలో శ్వాసనాళం కుట్టు విడిపోయింది.

ఆ కుట్టు దగ్గర కాసేపు ఆగమ్మా. శ్వాసనాళం గోడకు రక్తం తెచ్చే సన్నని బ్రాంకియల్ ధమనులు వేరే ఉంటాయి కదా, మార్పిడిలో వాటిని కలపరు. కుట్టు వేసిన అంచుకు సరిగ్గా మానాల్సిన రోజుల్లోనే రక్తం చాలదు. పైగా గాయం మానడాన్ని ఆలస్యం చేసే స్టెరాయిడ్లు అప్పట్లో పెద్ద మోతాదుల్లో ఇచ్చేవారు. కూపర్ బృందం కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ రెండు సంగతులూ పట్టుకుంది. మొదటి రోజుల్లో స్టెరాయిడ్లు తప్పించి, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా చూసే సైక్లోస్పోరిన్ అనే మందు వాడారు. పొట్టలో ఉండే ఒమెంటమ్ పొరను ఛాతీలోకి లాగి, కుట్టు చుట్టూ కండువాలా చుట్టారు. అందులోంచి కొద్ది రోజుల్లోనే రక్తం అందింది. 1983 నవంబరులో టొరంటో జనరల్ హాస్పిటల్లో ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బు) ఉన్న 58 ఏళ్ల మనిషికి ఇలాగే చేస్తే, ఆయన ఆరేళ్లకు పైగా బతికాడు.

తర్వాతి కాలంలో ఒమెంటమ్ చుట్టడం మానేశారు, స్టెరాయిడ్లు మొదటి నుంచే ఇస్తున్నారు. అంతమాత్రాన ఆ 1986 పేపరు తప్పని అనుకోకు. చదివే ప్రతి పేపరు పక్కన, అప్పటికి వాళ్లను నిద్రపోనివ్వని ఇబ్బంది ఏమిటో ఒక వాక్యం రాసుకో.

పీజీలో ఉండగా నేను ఆ 1986 పేపరు సారాంశం మాత్రమే చదివి క్లాసులో నిలబడ్డాను. మా ప్రొఫెసర్ గారు ఒక్కటే అడిగారు: "ఫైబ్రోసిస్ రోగినే ఎందుకు ఎంచుకున్నారు?" నోరు పెగల్లేదు. జవాబు పేపరు లోపల ఉంది. మార్చింది ఒక్కటే కదా, గట్టిపడ్డ రెండో పాత ఊపిరితిత్తిలోకి గాలీ రక్తమూ తేలిగ్గా పోవు, రెండూ కొత్తదానివైపే వెళ్తాయి. ఆ రాత్రే పేపరంతా చదివాను. ఆ రోజు పడ్డ బాధ నీకు వద్దు.

అదే టొరంటో నుంచి 2011లో వచ్చిన పేపరు కూడా తీసుకో. సిపెల్, కేశవ్‌జీల బృందానిది. వాడటానికి సందేహించే ఊపిరితిత్తులను శరీరం బయట, ఒంటి వేడి దగ్గర, నాలుగు గంటలు ద్రవం ప్రవహింపజేస్తూ ఊపిరి ఆడించి చూశారు. మార్పిడి తర్వాత 72 గంటలప్పుడు కొత్త ఊపిరితిత్తి సరిగా పనిచేయని కేసులు వీటిలో 15 శాతం, మామూలు వాటిలో 30 శాతం. సగానికి తగ్గిందని స్లయిడ్ మీద పెద్దక్షరాలతో పెట్టకు తల్లీ. పి విలువ 0.11, అంటే ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలదు; పైగా అది రోగులను లాటరీలా రెండు గుంపులుగా విడదీసిన (రాండమైజ్ చేసిన) ట్రయల్ కూడా కాదు. సందేహించినవి మామూలు వాటికి తీసిపోలేదన్నదే అసలు కబురు. అవయవదానాల ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో మీ ఓపీలో కూర్చునే మనిషికి ఆ కబురు చాలా పెద్దది.

ఇంకొకటి. మొత్తం 23 మంది దాతల ఊపిరితిత్తులు పరీక్షిస్తే 20 మందివి వాడారు. మిగిలిన ముగ్గురివాటి గురించి ఒక స్లయిడ్ పెట్టు. ఆదివారం పంపితే ముందు అదే చూస్తాను.

మీ పెదనాన్న